నగరాల్లో మొక్కల ఉత్పాదకత: ఉపగ్రహం చెప్పే అంకెను ఎంతవరకు నమ్మాలి?

ఆకులెక్క
అందరికీ నమస్కారం. పది లక్షలకు మించి జనాభా ఉన్న కొన్ని నగరాల్లో మొక్కల స్థూల ప్రాథమిక ఉత్పాదకతను ఉపగ్రహ డేటాతో లెక్కగట్టే పనిలో ఉన్నాను. కిరణజన్య సంయోగక్రియ ద్వారా మొక్కలు గాలి నుంచి తీసుకునే మొత్తం కార్బన్ అన్నమాట. నాసా ఉపగ్రహాల మీదున్న మోడిస్ పరికరం నుంచి వచ్చే 8 రోజుల జీపీపీ (స్థూల ప్రాథమిక ఉత్పాదకతకు పొట్టి పేరు) డేటాతో మొదలుపెట్టాను. శివార్లలోని అడవి పిక్సెళ్లకు చదరపు మీటరుకు 0.05, 0.06 కిలోల కార్బన్ వస్తోంది. నగరం నడిబొడ్డుకు వచ్చేసరికి పిక్సెళ్లన్నింటికీ ఒకే విలువ, 3.2762. అక్కడ ఉన్నవి కార్యాలయాల భవనాలు, ఒక రైల్వే స్టేషను, నాలుగైదు చిన్న పార్కులు. అడవికి యాభై రెట్లు ఎక్కువ పని ఆ పార్కులు చేయలేవని నాకూ తెలుసు. అసలు సంగతి ఏమిటి? నగరాలకు మోడిస్ పనికిరాకపోతే ఏది వాడాలి?

పిక్సెల్‌పంతులు
ఉష్ణమండల వర్షారణ్యం ఏడాది పొడవునా చదరపు మీటరుకు సుమారు 3 కిలోల కార్బన్ తీసుకుంటుంది. మీ రైల్వే స్టేషను ఆ పనిని 8 రోజుల్లో ముగించింది! మీరు చూస్తున్నది కొలత కాదండీ, సంకేతం. ఫైలులో అసలు ఉన్న పూర్ణాంకం 32762. దాన్ని 0.0001తో గుణించడం వల్ల 3.2762 అయింది. ఆ డేటాలో చెల్లుబాటయ్యే విలువలు 30000 దగ్గర ఆగిపోతాయి. 32761 నుంచి 32767 వరకు ఉన్నవన్నీ 'ఇక్కడ లెక్క వేయలేదు, కారణం ఇది' అని చెప్పే అంకెలు. నీటికి ఒకటి, మంచుకు ఒకటి, బీడు నేలకు ఒకటి. 32762 అంటే కట్టడాలున్న నగర ప్రాంతం.

ఎందుకు వేయలేదన్నది తెలుసుకుంటే మీ రెండో ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ఈ పద్ధతికి మూలం జాన్ మాంటీత్ 1970లలో చెప్పిన సూత్రం. మొక్క పీల్చుకున్న కాంతిని, ఆ కాంతిని కార్బన్‌గా మార్చే సామర్థ్యంతో గుణిస్తే ఉత్పాదకత వస్తుంది. స్టీవ్ రన్నింగ్ బృందం దీన్ని మోడిస్‌కు అమర్చినప్పుడు అడవి, గడ్డిభూమి, పంటపొలం వంటి ఒక్కో రకానికి ఒక గరిష్ఠ సామర్థ్యం ఇచ్చి ఒక పట్టిక తయారుచేసింది. చలి ఎక్కువైనా, గాలిలో తేమ తగ్గినా ఆ సామర్థ్యం కొంత కోతపడుతుంది. ఆ పట్టికలో నగరానికి వరుసే లేదు. ఏ విలువ ఇస్తారు మరి? ఒక్కో పిక్సెల్ అసలు కొలత సుమారు 463 మీటర్లు, అంటే 21 హెక్టార్లకు పైమాటే. అందులో చెట్లు, పచ్చిక, డాబాలు, తారురోడ్డు, చెరువు అన్నీ కలిసిపోయి ఉంటాయి.

మేఘమాల
పంతులు గారు చెప్పిన దానికి ఒక చేర్పు. 3.2762 కంటికి కనబడుతుంది కాబట్టి దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. అసలు ప్రమాదం నగరం అంచుల్లో ఉంది. పిక్సెళ్లను వేరే కొలతలోకి మార్చేటప్పుడు పక్కపక్క విలువల సగటు తీసే పద్ధతి వాడితే 32762లో కొంత వాటా పక్కనున్న పొలం పిక్సెల్‌లోకి చేరుతుంది. 500 కాస్తా 1,100 అవుతుంది. చూడటానికి పచ్చని పొలంలాగే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. నగరం చుట్టూ అధిక ఉత్పాదకత గల వలయం ఉన్నట్లు మ్యాపు వస్తుంది. ముందు సంకేతాలను తీసేసి, ఆ తరవాతే మార్పు చేయండి. ఏడాది మొత్తానికి ఖాళీలు పూరించి ఇచ్చే మోడిస్ డేటా ఉంది కదా అనుకోవద్దు. మబ్బుల వల్ల పడిన ఖాళీలను అది పూరిస్తుంది, నగరాన్ని మాత్రం ఖాళీగానే వదిలేస్తుంది.

ఆకులెక్క
ధన్యవాదాలు, ఇప్పుడు అర్థమైంది. అయితే మోడిస్‌ను పక్కన పెడతాను. ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2లో ఎరుపు, సమీప పరారుణ పట్టీలు 10 మీటర్ల వివరంతో ఉన్నాయి, 5 రోజులకొకసారి అదే చోటికి వస్తుంది. ఏడాది పొడవునా ఎన్‌డీవీఐ (పచ్చదనం ఎంత ఉందో చెప్పే సూచిక) విలువలను కూడి దాన్నే ఉత్పాదకతకు సూచికగా తీసుకుంటే సరిపోదా? చాలామంది చేస్తున్నది అదే కదా.

వేరుశోధన
చాలామంది చేస్తున్నారు, నిజమే. నా అభ్యంతరం కూడా వాళ్ల మీదే.

ఆకులోని పత్రహరితం ఎరుపు కాంతిని పీల్చేస్తుంది. ఆకు లోపల కణాల మధ్య ఉండే గాలి ఖాళీలు సమీప పరారుణ కాంతిని వెదజల్లి వెనక్కి పంపుతాయి. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే ఎన్‌డీవీఐ. అది చెప్పేది ఆకు ఎంత ఉంది, ఎంత కాంతిని పీల్చగలదు అనే మాట మాత్రమే. పీల్చిన కాంతితో చెట్టు ఏం చేసిందో చెప్పదు. కాంక్రీటు మధ్య ఎండకు కాగుతున్న చెట్టు మధ్యాహ్నానికి పత్రరంధ్రాలు మూసేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ లోపలికి పోవడం దాదాపు ఆగిపోతుంది. ఆకు మాత్రం పొద్దున ఎంత పచ్చగా ఉందో అంతే పచ్చగా ఉంటుంది, ఎన్‌డీవీఐ వెంట్రుకవాసి కూడా మారదు.

పచ్చిక సంగతి మరీ విచిత్రం. అమెరికాలో మినియాపొలిస్-సెయింట్ పాల్ శివారులో ఒక ఎత్తైన టవరు మీద పరికరాలు అమర్చి పచ్చిక, చెట్లు ఎప్పుడెంత కార్బన్ తీసుకుంటున్నాయో విడివిడిగా కొలిచారు. చల్లని వాతావరణానికి అలవాటుపడిన ఆ పచ్చిక వసంతంలోనూ శరత్తులోనూ బాగా పనిచేసి నడివేసవిలో వెనుకబడింది. చెట్లేమో నడివేసవిలోనే శిఖరాన ఉన్నాయి. ఒకే వీధిలో రెండు వేర్వేరు క్యాలెండర్లు! నగరానికంతటికీ ఒకే సామర్థ్యం అంటగడితే ఈ తేడా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది.

ఇంకో మాట. స్థూల ఉత్పాదకతలో సుమారు సగాన్ని మొక్క తన శ్వాసక్రియకే ఖర్చు పెట్టుకుంటుంది. మిగిలింది నికర ఉత్పాదకత. వ్యాసాలు చదివేటప్పుడు ఎవరు ఏది రాస్తున్నారో చూసుకోండి. రెండింటినీ కలగలిపి పోల్చిన పట్టికలు తక్కువేమీ కాదు.

సందేహాలరావు
నా సందేహం చిన్నది. ఆటస్థలాల్లో ప్లాస్టిక్ పచ్చిక పరుస్తున్నారు, డాబాలకు ఆకుపచ్చ రంగు వేస్తున్నారు. ఉపగ్రహం వాటినీ మొక్కలని అనుకోదా?

పిక్సెల్‌పంతులు
అనుకోదు. మన కంటికి ఆకుపచ్చగా కనబడితే చాలు, ఉపగ్రహానికి సమీప పరారుణం కావాలి. ఎరుపు దగ్గర తక్కువగా ఉన్న పరావర్తనం 700 నానోమీటర్లు దాటగానే నిట్టనిలువుగా పైకి లేవడం బతికున్న ఆకు లక్షణం. ప్లాస్టిక్ పచ్చికకు ఆ ఎగుడు ఉండదు, ఎన్‌డీవీఐ బాగా తక్కువగా వస్తుంది. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి.

నగరంలో ఎన్‌డీవీఐ మోసం చేసేది మరో చోట. ఒక లెక్క చూపిస్తాను, కాగితం కలం తీసుకోండి. పరావర్తనం విలువలు, అంటే పడిన కాంతిలో వెనక్కి వచ్చే వాటాలు, ఉదాహరణకే తీసుకున్నవి, కానీ అసలు వాటికి దగ్గరగానే ఉంటాయి.

చెట్టు గుబురు: ఎరుపు 0.04, సమీప పరారుణం 0.40. ఎన్‌డీవీఐ 0.82.
లేతరంగు కాంక్రీటు: 0.25, 0.28. ఎన్‌డీవీఐ 0.06.
తారురోడ్డు: 0.08, 0.09. ఎన్‌డీవీఐ దాదాపు 0.06.

కాంక్రీటుకూ తారుకూ విడిగా చూస్తే తేడా లేదు. ఇప్పుడు రెండు పిక్సెళ్లు తీసుకుందాం. ఒకదానిలో సగం చెట్టు, సగం కాంక్రీటు. రెండోదానిలో సగం చెట్టు, సగం తారు. మొదటిదానిలో ఎరుపు సగటు 0.145, సమీప పరారుణం 0.34, కాబట్టి ఎన్‌డీవీఐ 0.40. రెండోదానిలో 0.06, 0.245, కాబట్టి ఎన్‌డీవీఐ 0.61. రెండింటిలోనూ చెట్టు ఒకటే, ఆకులు అవే! నేల నల్లగా ఉన్నందుకు మొక్కల మార్కులు ఒకటిన్నర రెట్లు అయ్యాయి. పాత కాంక్రీటు రోడ్డు మీద కొత్తగా తారు పోస్తే చాలు, వీధి 'పచ్చబడుతుంది'.

ఆకులెక్క
ఇది నేనెప్పుడూ ఆలోచించలేదు. మరి దీనికి విరుగుడు?

పిక్సెల్‌పంతులు
2017లో బ్యాడ్జ్‌లీ, ఫీల్డ్, బెర్రీ అనే ముగ్గురు ప్రతిపాదించిన సూచిక ఉంది, ఎన్‌ఐఆర్‌వీ అంటారు. చేసేదల్లా ఎన్‌డీవీఐని సమీప పరారుణ పరావర్తనంతో గుణించడమే. అవే అంకెలతో చూడండి. కాంక్రీటు పక్కనున్న చెట్టుకు 0.40 × 0.34, అంటే 0.137. తారు పక్కనున్న చెట్టుకు 0.61 × 0.245, అంటే 0.149. తేడా 9 శాతానికి పడిపోయింది. పైగా పూర్తి చెట్టు పిక్సెల్‌కు వచ్చే 0.327లో సగానికి ఈ రెండూ కాస్త తక్కువగా, దగ్గరగానే ఉన్నాయి. దట్టమైన గుబురు దగ్గర ఎన్‌డీవీఐ ఇక పెరగకుండా నిలిచిపోయే జబ్బు కూడా దీనికి తక్కువే.

ఇంకా కచ్చితంగా కావాలంటే పిక్సెల్‌ను విడగొట్టాలి. రిడ్ అనే పరిశోధకుడు 1995లో నగర పిక్సెల్ దేనినైనా మొక్కలు, నీరు ఇంకని కట్టడం, నేల అనే మూడింటి మిశ్రమంగా చూడమన్నాడు. ఆ మూడు భాగాల నిష్పత్తిని కనుక్కొని, మొక్కల భాగానికి మాత్రమే ఉత్పాదకత కట్టడం మర్యాదస్థుల పద్ధతి.

నగరదీపిక
ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. నేను నగర ప్రణాళికల పనిలో ఉన్నదాన్ని. మీ చర్చ బాగుంది గాని, నాకు ఎదురయ్యే ప్రశ్న వేరు. 'నగరం మొక్కల ఉత్పాదకత పదేళ్లలో పెరిగిందా, తగ్గిందా?' ఒక్క వాక్యంలో జవాబు అడుగుతారు. మా దగ్గరున్న సెంటినెల్-2 ఎన్‌డీవీఐ గ్రాఫులో 2021 వరకు రేఖ స్థిరంగా ఉంది. 2022 మొదట్లో ఒక్కసారిగా పడిపోయి మళ్లీ లేవలేదు. నిర్మాణాల వల్లేనని అందరూ తీర్మానించేశారు. పాత చెట్లు బాగా దట్టంగా ఉన్న పార్కులోనూ 0.82 ఉన్నది 0.56కు పడింది. ఆ పార్కులో ఒక్క ఇటుక కూడా పెట్టలేదు.

మేఘమాల
నిర్మాణాలను తిట్టకండి, వాటి పాపం ఇందులో ఏమీ లేదు. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 డేటా తయారీ విధానం మారింది. అప్పటి నుంచి ప్రతి విలువకూ 1,000 కలిపి ఇస్తున్నారు. చాలా చీకటిగా ఉన్న చోట్ల విలువలు సున్నా కిందికి పోతే ఆ సమాచారం నష్టపోకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటు. వాడుకునేవాళ్లు దాన్ని తీసేసి లెక్క మొదలుపెట్టాలి.

పంతులు గారి చెట్టునే తీసుకోండి. ఫైలులో పరావర్తనాన్ని 10,000తో గుణించి రాస్తారు కాబట్టి ఎరుపు 400, సమీప పరారుణం 4,000. 3,600ను 4,400తో భాగిస్తే 0.82. వెయ్యి తీయకుండా వాడితే 1,400, 5,000. లవం అదే 3,600, హారం మాత్రం 6,400. వచ్చేది 0.56. మీ పార్కు అంకె సరిగ్గా అదే! కొన్ని వేదికలు ఈ సవరణ ముందే చేసి ఇస్తాయి, కొన్ని చేయవు. రెండు చోట్ల నుంచి బొమ్మలు తెచ్చి కలిపితే గందరగోళం రెట్టింపు. ఏ బొమ్మ ఏ విధానంలో తయారైందో దానితోపాటు వచ్చే వివరాల ఫైలులో రాసి ఉంటుంది.

నగరదీపిక
దీని మీద ఒక నివేదిక కూడా వెళ్లిపోయింది. సరే, సవరించి మళ్లీ గీయిస్తాను. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. పెరిగిందా, తగ్గిందా?

వేరుశోధన
హారం ఏమిటో చెప్పండి, జవాబు చెబుతాను. నేను పరిహాసానికి అనడం లేదు.

నగరం మొత్తం విస్తీర్ణంతో భాగిస్తే పట్టణీకరణ ఉత్పాదకతను తగ్గిస్తుందని దాదాపు ఎక్కడైనా తేలుతుంది. అమెరికా మీద మార్క్ ఇమ్‌హాఫ్ బృందం 2004లో ప్రచురించిన పరిశీలన ఉంది. రాత్రిపూట కనిపించే దీపాల ఉపగ్రహ బొమ్మలతో నగరాలను గుర్తించి, పట్టణీకరణ వల్ల ఏటా దేశ నికర ఉత్పాదకతలో 1.6 శాతం తగ్గిందని లెక్కగట్టారు. అంకె చిన్నదే. కానీ నగరాలు ఆక్రమించింది మంచి సారవంతమైన నేలలను, నష్టం అక్కడే ఎక్కువ.

మొక్కలున్న విస్తీర్ణంతో మాత్రమే భాగిస్తే కథ తిరగబడుతుంది. చైనాలోని 32 పెద్ద నగరాల మీద షూచింగ్ జావో బృందం 2016లో చేసిన పని చూడండి. కట్టడాలు పచ్చదనాన్ని మింగేయడం వల్ల నేరుగా కలిగే నష్టం ఒకటి. నగరంలో మిగిలిన మొక్కలు పెరిగే తీరులో వచ్చే మార్పు మరొకటి. ఈ రెంటినీ వాళ్లు వేరుచేశారు. మిగిలిన మొక్కలు చాలాచోట్ల మామూలు కన్నా బాగా పెరిగి, నేరుగా కలిగిన నష్టంలో సగటున 40 శాతం దాకా పూడ్చాయి. వెచ్చదనం, ఎక్కువ కార్బన్ డయాక్సైడ్, గాలి నుంచి నేలకు చేరే నత్రజని, మనుషులు పోసే నీళ్లు, ఎరువులు అన్నీ ఇందులో పాత్రధారులే.

సందేహాలరావు
ఇక్కడ నేను అడ్డుపడాలి. 'మామూలు కన్నా' అన్నారు, ఆ మామూలు ఎక్కడిది? నగరం చుట్టూ ఉన్న పల్లె ప్రాంతంతో పోలుస్తారు. అక్కడ ఉన్నవి పంటపొలాలు, కోత కోశాక నెలల తరబడి బీడుగా ఉంటాయి. చెట్టును కోతకోసిన పొలంతో పోల్చి చెట్టు గెలిచిందనడంలో గొప్పేముంది? ఎడారి అంచున ఉన్న నగరమైతే ఇంకా విడ్డూరం, నీళ్లు పోసిన ప్రతి పార్కూ చుట్టుపక్కల ప్రకృతిని ఓడించేస్తుంది.

వేరుశోధన
రావు గారి అభ్యంతరం న్యాయమైనదే. దీనికి ఉపగ్రహం ఒక్కటే సమాధానం చెప్పలేదు కూడా. నేల మీద చేసిన ఒక ప్రయోగం చెబుతాను. గ్రెగ్, జోన్స్, డాసన్ 2003లో ప్రచురించారు. ఒకే వంశపు కాటన్‌వుడ్ మొక్కలను, అంటే జన్యుపరంగా ఏ తేడా లేనివాటిని, న్యూయార్క్ నగరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ పెంచారు. నగరంలోవి రెట్టింపు బరువు తూగాయి. నగరపు గాలి మేలు చేసిందని కాదు. వాహనాల పొగ నుంచి పుట్టే ఓజోన్ నగరం నడిమధ్య కన్నా గాలివాటున ఉన్న పల్లెల మీదే ఎక్కువగా పేరుకుంటుంది. పల్లె మొక్కలు దాని దెబ్బ తిన్నాయి. పోలిక కోసం 'శుభ్రమైన' చోటు అనుకున్నదే నగరం వల్ల నష్టపోయిందన్నమాట. రావు గారి సందేహానికి ఇది ఇంకో పొర కలుపుతుంది.

మరోవైపు బాస్టన్ వీధి చెట్ల మీద 2019లో వచ్చిన పరిశోధన ఉంది. గ్రామీణ అడవి చెట్లకన్నా అవి దాదాపు 4 రెట్లు వేగంగా లావెక్కాయి. చావులూ రెట్టింపుకు మించాయి. ఉపగ్రహ బొమ్మలో గుబురు మాయమైతే ఆ పిక్సెల్ ఎండిపోయిన పచ్చికలా కనిపిస్తుంది, చచ్చిన చెట్టుగా లెక్కకు రాదు. ఏడాది ఉత్పాదకత బాగుందని సంతోషించేవారు ఆ కార్బన్ ఎన్నేళ్లు నిలుస్తుందో కూడా అడగాలి.

నగరదీపిక
అంటే నేను రెండు అంకెలు ఇవ్వాలి. నగరం మొత్తానికి ఒకటి, పచ్చదనం ఉన్న భాగానికి ఒకటి. వినేవాళ్లకు రెండోది మాత్రమే నచ్చుతుంది, అది వేరే బాధ.

పిక్సెల్‌పంతులు
రెండు అంకెలతోపాటు నగరం హద్దు ఏ సంవత్సరంది అన్నది కూడా రాయండి. హద్దు పెరిగి పక్క ఊళ్లు కలిశాయంటే వాటి పొలాలన్నీ నగరపు లెక్కలోకి వచ్చేస్తాయి. ఒక్క మొక్క నాటకుండానే ఉత్పాదకత పెరుగుతుంది. మొదటి సంవత్సరం హద్దును పట్టుకుని చివరిదాకా అదే వాడటం ఒక దారి.

మేఘమాల
నీడల గురించి ఎవరూ అనలేదు. సెంటినెల్-2 స్థానిక కాలం ప్రకారం సుమారు పదిన్నరకు పైనుంచి వెళ్తుంది. సూర్యుడు 35 డిగ్రీల ఎత్తులో ఉంటే 30 మీటర్ల భవనం 43 మీటర్ల నీడ పరుస్తుంది, అంటే నాలుగు పిక్సెళ్లకు పైగా. ఆ నీడలో ఉన్న చెట్టు చలికాలంలో 'నిద్రపోయినట్లు' కనిపిస్తుంది. ఆకులు రాలే చెట్టు కాకపోయినా సరే. ఎత్తైన భవనాలున్న వాడల్లో రుతువుల వారీ గ్రాఫు గీస్తే అందులో చెట్ల కాలచక్రం ఎంత, సూర్యుడి ఎత్తు ఎంత అన్నది విడదీయాలి. భవనాల ఎత్తుల డేటా ఉంటే నీడలను ముందే లెక్కగట్టి ఆ పిక్సెళ్లను తొలగించవచ్చు.

వేరుశోధన
నీడలో ఉన్న చెట్టు నిజంగానే తక్కువ పనిచేస్తుంది కదా, పూర్తిగా తొలగిస్తే అదీ తప్పే. పదిన్నరకు నీడలో ఉన్న చెట్టు మధ్యాహ్నం రెండింటికి ఎండలో ఉండవచ్చు. రోజంతటి కాంతిని భవనాల ఆకృతితో కలిపి లెక్కించాలి. గాలిలో ధూళి ఎక్కువైతే నేరుగా పడే ఎండ తగ్గి చెదిరిన కాంతి పెరుగుతుంది. అది గుబురు లోపలి ఆకులకు కూడా చేరుతుంది. 1991లో పినటుబో అగ్నిపర్వతం పేలి గాలిలోకి సూక్ష్మకణాలు చిమ్మాక అమెరికాలోని హార్వర్డ్ అడవిలో మబ్బుల్లేని మధ్యాహ్నాల్లో కిరణజన్య సంయోగక్రియ పెరిగిందని గమనించింది ఇందుకే. నగరాల మీద ఉండే మసక రెండు వైపులా లాగుతుంది. ఏ వైపు నెగ్గుతుందో ధూళి ఎంత దట్టంగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆకులెక్క
పచ్చదనం, కాంతి, సామర్థ్యం అంటూ ఇన్ని మెట్లు ఎక్కే బదులు కిరణజన్య సంయోగక్రియను నేరుగా పట్టుకునే ఉపగ్రహం లేదా? పత్రహరిత ప్రతిదీప్తి అని ఎక్కడో చదివాను.

మేఘమాల
ఉంది, నగరాలకు ఆకర్షణీయమైన గుణం కూడా ఉంది దానిలో. పీల్చుకున్న కాంతిలో ఒకటి రెండు శాతాన్ని పత్రహరితం ఎర్రని, పరారుణానికి దగ్గరైన వెలుగుగా తిరిగి వదులుతుంది. కాంక్రీటు వదలదు, తారు వదలదు, ప్లాస్టిక్ పచ్చికా వదలదు. నేలరంగు గొడవ చాలావరకు పోతుంది.

చిక్కల్లా ఆ వెలుగు అతి స్వల్పం కావడం. దాన్ని పట్టడానికి పెద్ద పిక్సెల్ కావాలి. ఐరోపా ఉపగ్రహం మీదున్న ట్రోపోమి పరికరానికి అది 5.5 × 3.5 కిలోమీటర్లు. నాసా ఉపగ్రహం ఓసీఓ-2ది సుమారు 1.3 × 2.25 కిలోమీటర్లు, అదీ సన్నని దారి వెంట మాత్రమే, మీ నగరం ఆ దారిలో ఉంటే అదృష్టం. 2019లో అంతరిక్ష కేంద్రానికి అమర్చిన ఓసీఓ-3 మాత్రం అద్దాన్ని అటూఇటూ తిప్పి సుమారు 80 × 80 కిలోమీటర్ల ప్రాంతాన్ని ఒక్కసారిగా చూడగలదు. దాని లక్ష్యాల్లో మహానగరాలు ఉన్నాయి. ఐరోపా అంతరిక్ష సంస్థ తలపెట్టిన ఫ్లెక్స్ ఉపగ్రహం 300 మీటర్ల వివరం ఇచ్చేలా రూపొందింది. వీధి స్థాయికి ఇవేవీ రావు. నగరం మొత్తానికి మీ 10 మీటర్ల లెక్కను సరిచూసుకోవడానికి పనికొస్తాయి.

సందేహాలరావు
సరిచూడటం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. అడవిలో టవరు పెట్టి వచ్చేపోయే కార్బన్ డయాక్సైడ్ కొలుస్తారు. నగరంలో టవరు పెడితే కార్లు, వంట పొయ్యిలు, జనం ఊపిరి అన్నీ కలిసి వస్తాయి. గుండిగలో పులుసంతా రుచి చూసి అందులో ఉప్పు ఒక్కదాన్నే తూచినట్లుంటుంది.

వేరుశోధన
తూచే దారి ఒకటుంది రావు గారూ. పెట్రోలు, బొగ్గు కోట్ల ఏళ్లు నేలలో ఉన్నవి కాబట్టి వాటిలో కార్బన్-14 మిగలదు, దాని అర్ధాయువు 5,730 ఏళ్లే. మొక్కల నుంచి వచ్చినదానిలో ఉంటుంది. లాస్ ఏంజిలిస్‌లో గాలి నమూనాలు తీసి ఈ పద్ధతిలో విడదీశారు, 2020లో ఫలితాలు వచ్చాయి. మొక్కల వాటా అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ అని, అది రుతువులను బట్టి మారుతోందని తేలింది. వేసవిలో వాన లేని ఆ నగరంలో మొక్కలు పనిచేసేది పోసిన నీళ్ల మీద. రావు గారికి నచ్చే వివరం ఇంకోటి. మనిషి ఊపిరిలోని కార్బన్ కూడా తిన్న పంటదే. పెట్రోలులో కలిపే ఇథనాల్ కూడా అంతే. కార్బన్-14 లెక్కలో ఇవి రెండూ మొక్కల పద్దులో పడతాయి, వాటిని విడిగా తీసేయాలి. ఆ పరిశోధకులు తీశారు కూడా.

పిక్సెల్‌పంతులు
బాస్టన్, న్యూయార్క్ మీద వచ్చిన కంప్యూటర్ నమూనాల (మోడళ్ల) గురించి కూడా చదవండి. వీపీఆర్‌ఎం అనే, మొక్కల కిరణజన్య సంయోగక్రియనూ శ్వాసనూ లెక్కగట్టే పాత నమూనాను నగరానికి తగ్గట్టు సవరించారు. నగరపు అదనపు వేడిని కలిపారు, తారు కప్పిన నేలలో నేల శ్వాసను తగ్గించారు. న్యూయార్క్‌లో చెట్లు, పచ్చిక కలిసి వేసవిలో చాలా పగటిపూటలు రోడ్డు వాహనాల ఉద్గారాలకు సమానంగా కార్బన్ తీసుకుంటున్నాయని తేల్చారు. ఇది వేసవి పగటి మాట మాత్రమే, ఏడాది మాట కాదు. పత్రికల శీర్షికల్లో ఆ షరతు జారిపోయింది.

నాకు ఒక్క ఫిర్యాదు ఉంది. నీటి కొరతను ఆ నమూనా ఉపగ్రహ సూచికతో పట్టుకుంటుంది. పిక్సెల్‌లో సగం తారు ఉంటే ఆ సూచిక ఎప్పుడూ 'ఎండిపోయింది' అనే చెబుతుంది. రోజూ నీళ్లు పోసే పచ్చిక అయినా సరే. ముందు పిక్సెల్‌ను విడగొట్టమని నేను నస పెట్టేది అందుకే.

ఆకులెక్క
ఇప్పుడు నా పని ఇలా మార్చుకుంటున్నాను. ప్రతి పిక్సెల్‌లో మొక్కల వాటాను విడగొడతాను. చెట్లకూ పచ్చికకూ వేర్వేరు సామర్థ్యాలు వాడతాను. భవనాల నీడతో కలిపి రోజు కాంతిని లెక్కిస్తాను. నగరం మొత్తానికి, పచ్చని భాగానికి విడివిడిగా ఫలితం ఇస్తాను. ఓసీఓ-3తో సరిచూస్తాను. టవరు పెట్టే స్తోమత నాకు లేదు. నేల మీద తక్కువ ఖర్చుతో చేయగలిగే పరీక్ష ఏదైనా చెబుతారా?

వేరుశోధన
చెట్ల మానులకు లోహపు పట్టీలు చుట్టండి. ఛాతీ ఎత్తున, అంటే 1.3 మీటర్ల దగ్గర. స్ప్రింగుతో బిగించిన సన్నని స్టీలు పట్టీ, మాను లావెక్కిన కొద్దీ సాగుతుంది. ఆ సాగుడును మిల్లీమీటర్లలో కొలుస్తారు. మొదటి రుతువు కొలతలను నమ్మకండి, పట్టీ బెరడుకు సర్దుకోవడానికి అంత సమయం పడుతుంది, పెరుగుదల అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది. వానపడిన మర్నాడు కూడా కొలవకండి, బెరడు నీరు పీల్చి ఉబ్బుతుంది. దీనితో వచ్చేది కాండం పెరుగుదల మాత్రమే, స్థూల ఉత్పాదకత కాదు. కానీ ఉపగ్రహం 'బాగా పనిచేస్తోంది' అన్న వీధుల్లో చెట్లు నిజంగా లావెక్కుతున్నాయా అన్నది తెలుస్తుంది. పెద్ద పార్కులో కొన్ని, రోడ్డు మధ్య డివైడర్‌లో కొన్ని, ఎత్తైన భవనాల నీడలో కొన్ని తప్పకుండా పెట్టండి. జాతి మాత్రం అన్నిచోట్లా ఒకటే ఉండాలి.

పచ్చికకు పట్టీ చుట్టలేం కాబట్టి కోసిన గడ్డిని ఆరబెట్టి తూచాలి. పార్కు సిబ్బంది కోసే తేదీలు ముందే అడిగి పెట్టుకోండి, లేకపోతే మీరు వెళ్లేసరికి గడ్డి ఉండదు.

నగరదీపిక
పార్కు సిబ్బందితో మాట్లాడే పని నాకు వదిలేయండి. అనుమతి పత్రం నమూనా పంపుతాను. పట్టీల మీద 'పరిశోధన కోసం, తీయవద్దు' అని ఒక చీటీ అతికించండి, లేకపోతే రంగులు వేసేవాళ్లు పీకేస్తారు.